కట్టుగుడ్డ అధ్యక్షుడు

మా నేత సంఘం పాత అధ్యక్షుడి ఫొటో కింద పెట్టడానికి ఆయన జీవిత చరిత్ర చిన్నగా కావాలని సంఘం పిల్లలు మా ఇంటికి వచ్చారు. అరపేజీ చాలట. ఎక్కడ పుట్టాడు, ఏ పదవులు చేశాడు, ఎప్పుడు పోయాడు, అవన్నీ వాళ్ల దగ్గర ఉన్నాయి. బంగ్లాదేశ్ యుద్ధం నాడు ఆయన చేసిన పని మాత్రం కళ్లతో చూసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలానట. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. కొంచెం మెల్లగా చెప్పమంటోంది. మరమగ్గాల షెడ్డులో ఆ మోతను మించి అరిచి అరిచి బతికిన గొంతు ఇది. మెల్లగా చెప్పడం దానికి రాదు.

పిల్లలూ, మీ అరపేజీకి ఇది ఎక్కువే అవుతుంది. పనికొచ్చింది తీసుకోండి, మిగతాది వినండి.

ఆయన పుట్టింది కోరుట్లలో, నూలుకు రంగులద్దే ఇంట్లో. సిరిసిల్లకు ఇల్లరికం వచ్చాడు. చేసుకున్నది మా మామకు వరుసకు చెల్లెల్ని. అందుకని మా మామా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లు. బావ వరుస కాబట్టి ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, అనుకునేవాళ్లు కూడా. మనిషి పొడుగు. ఖద్దరు అంగీ, చంకలో గొడుగు. మాట మాత్రం ఎంత చక్కగా ఉండేదంటే, చాయ హోటల్లో నలుగురు కూర్చుంటే చాలు, అది మీటింగు అయిపోయేది. ఆ మాటతోనే సంఘానికి అధ్యక్షుడయ్యాడు. తరువాత పంచాయతీ సమితికి కూడా అయ్యాడు. జగిత్యాల నుంచి వచ్చే పెద్దలైనా, కరీంనగర్ నుంచి వచ్చే పెద్దలైనా ముందు ఆయన ఇంట్లోనే దిగేవాళ్లు.

కానీ ఆయనకు మగ్గం రాదు. రంగు చూస్తే ఏ ఊరి అద్దకమో చెప్పేవాడు, గుడ్డ సంగతి తెలియదు. మా మామకు అదే మంట. మా మామ అంటే ఊళ్లో మొదటి చేయి. ఆయన నేసిన పంచెలో నీళ్లు పోసి మూట కట్టుకుపోవచ్చని చెప్పుకునేవాళ్లు. "మగ్గం గుంటల కాలు పెట్టనోడు మగ్గాలోళ్లకు పెద్ద ఎట్లయితడు?" అని సంఘం అరుగు మీద కూర్చుని ఆయన ముందే అనేవాడు. అధ్యక్షుడు నవ్వి, "బావా, నువ్వు నెయ్యి, నేను మాట్లాడుత. ఇద్దరం ఒకటే పని చేస్తే ఊరు నడుస్తదా?" అనేవాడు.

నేను అప్పుడు కొత్త కోడలిని. నాదీ కోరుట్లే. మా నాయన అంగళ్లలో బట్టలమ్మేవాడు, మా ఇంట్లో మగ్గం లేదు. మా ఆయన పెళ్లయిన కొన్నాళ్లకే భీవండి మిల్లులకు పోయాడు. ఇంట్లో రెండు మగ్గాలుంటే ఒకటి ఖాళీగా ఉండిపోయింది. ఆ ఇంట్లో ఆడవాళ్లు మగ్గం ఎక్కేది లేదు. నా పని కండెలు చుట్టడం. నాడె అటూ ఇటూ ఉరికేటప్పుడు దాని కడుపులో నూలు చుట్టిన చిన్న పుల్ల ఉంటుంది కదా, అదే కండె. పొద్దున లేస్తే రాట్నం, కండెలు. మామ అటు బజారుకు పోగానే నేను ఖాళీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చునేదాన్ని. ఎవరూ నేర్పలేదు, చూసి చూసి పట్టుకున్నాను. చేతిలో బలం లేదు, మనసేమో తలుపు మీద. పోగును గుడ్డలోకి బిగించే దెబ్బ గట్టిగా పడేది కాదు. అట్లా ఒక జానెడు నేశాను. పోగుకూ పోగుకూ మధ్య వేలు దూరేటట్టు ఉంది. ఒకరోజు మా అత్త చూసింది. తిట్టలేదు, ఆ జానెడు గుడ్డ ఎత్తి పట్టుకుని నా ముఖం అందులోంచి చూసింది. "కోడలా, నువ్వు అవతల దాక్కుంటే కూడ కనపడుతున్నవు" అంది. దాన్ని కోసి చాయ వడపోయడానికి పెట్టుకుంది. మామకు చెప్పలేదు. ఇద్దరం కలిసి ఆ సంగతి దాచుకున్నాం, నవ్వుకున్నాం.

అదే చలికాలం రేడియోలో పొద్దూమాపూ యుద్ధం మాటలు. జగిత్యాలలో పెద్ద సభ పెట్టారు. జవాన్లకు ఏ ఊరు ఏమిస్తుందో చెప్పమన్నారు. గొల్లపల్లి వాళ్లు బియ్యం అన్నారు, ఇంకెవరో కంబళ్లు అన్నారు. మన అధ్యక్షుడు లేచాడు. దెబ్బలు తగిలిన జవాన్లకు కట్టుగుడ్డ సిరిసిల్ల ఇస్తుందన్నాడు. చప్పట్లు పడ్డాయి. చప్పట్లు పడితే ఆయన ఆగడు. ఇవన్నీ తీసుకుపోయే లారీ జగిత్యాల ఆసుపత్రి నుంచి కదిలే రోజుకు మా గుడ్డ అందులో లేకపోతే నేను అధ్యక్షుడి కుర్చీ దిగుతాను, మళ్లీ ఎక్కను అని మైకులో చెప్పేశాడు. ఆ మాట ఆయన కన్నా ముందే బస్సెక్కి సిరిసిల్లకు వచ్చింది. మా మామ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఇప్పుడు మీరు నవ్వే సంగతి. ఆసుపత్రి డాక్టరు నమూనా కోసం ఒక కట్టుగుడ్డ ముక్క ఇచ్చి పంపాడు. అది సంఘం గదిలో చేతులు మారింది. మాస్టర్ నేతగాళ్లంతా, అంటే చేయి తిరిగిన పెద్దలంతా, దాన్ని వెలుతురుకు పట్టి చూశారు. ఒకాయన దాంట్లోంచి బీడీ పొగ ఊది చూపించాడు. "ఏ ఊరోడు నేసిండు గిది? గిట్ల నేస్తే మా నాయన నన్ను ఇంట్లకు రానియ్యకపోతుండె" అన్నాడు ఇంకొకాయన. అధ్యక్షుడికి కూడా పౌరుషం వచ్చింది. దేశం కోసం దెబ్బ తిన్న మనిషికి ఈ పీలికలు కడతామా, సిరిసిల్ల పేరు నిలబడేటట్టు గట్టి గుడ్డ నేయండి అన్నాడు. అందరూ సరే అన్నారు. నమూనా ఎట్లా ఉందో అట్లా నేయాలన్న మాట ఆ గదిలో ఒక్కరికీ తోచలేదు. మంచి పనివాళ్లంతా ఒక్కచోట చేరితే అంతే.

నేశారు. మా మామ కూడా నేశాడు. అధ్యక్షుడంటే పడకపోయినా గుడ్డ అంటే పడుతుంది కదా. దళసరిగా, గంజి పట్టించి, దెబ్బ మీద దెబ్బ వేసి నేశారు. చేత్తో తడితే పలక మీద తట్టినట్టు మోగింది. మొదటి మూటలు జగిత్యాలకు పోయాయి, పోయినట్టే తిరిగొచ్చాయి. వెంట పోయిన అధ్యక్షుడు బస్సు దిగి సంఘం గదికి వచ్చి గొడుగు కూడా కింద పెట్టకుండా చెప్పాడు. డాక్టరు ఒక గిన్నెలో నీళ్లు పోసి మన గుడ్డ ముక్క వేశాడట. అది తామరాకులాగా తేలిందట. నెత్తురు పీల్చని గుడ్డ కట్టుకు పనికిరాదు, దీంతో జవాన్లకు పంచెలు పంపండి అన్నాడట. వచ్చే వారం లారీ వస్తుంది, అప్పటికి నమూనా లాంటి గుడ్డ లేకపోతే పని వేరే ఊరికి ఇస్తామని చెప్పి పంపాడట.

ఎవరూ నవ్వలేదు. అప్పటికే యుద్ధం మొదలైంది. రేడియో దగ్గర జనం గుమిగూడి ఉన్నారు.

గంజి సంగతి తేలికే, ఉడకబెట్టి ఉతికితే పోతుంది. దెబ్బ సంగతే తేలలేదు. మళ్లీ మగ్గాలెక్కారు. పన్నెలో, అంటే పోగులు దూరే దువ్వెన లాంటి చట్రంలో, పోగులు తగ్గించారు. అయినా చేయి వినదు. చిన్నప్పటి నుంచి గట్టిగా వేసిన చేయి, మెల్లగా వేయమంటే రెండు దెబ్బలు మెల్లగా వేసి మూడోది తనకు తెలియకుండానే గట్టిగా వేస్తుంది. గుడ్డ ఒకచోట జల్లెడ, ఒకచోట గోనె. రోజులు పోతున్నాయి. మా మామ అయితే ఒకపూట ప్రయత్నించి లేచిపోయాడు. "గీ చేత్తోని గంత అధ్వానపు పని కాదు. ఇగ ఆయన కుర్చీ ఆయన ఇష్టం" అన్నాడు.

ఆ సాయంత్రం అధ్యక్షుడు మా ఇంటికి వచ్చాడు. బతిమాలడానికి వచ్చాడు కానీ, బతిమాలడం కూడా ఆయన ఉపన్యాసంలాగానే చేసేవాడు. మామ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని విన్నాడు. అంతా విని, "బావా, నువ్వు ఇచ్చిన మాటకు నా చెయ్యి ఎందుకు చెడగొట్టుకోవాలె? మైకుల చెప్పేటప్పుడు నన్ను అడిగినవా?" అన్నాడు. ఆయన గొడుగు ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాడు.

మా అత్తకు జాలేసినట్టుంది, చాయ పెట్టింది. పొయ్యి దగ్గర నిలబడి వడపోస్తోంది. అధ్యక్షుడు తల వంచుకుని కూర్చున్నవాడు ఊరికే అటు చూశాడు. చూసి లేచాడు. మళ్లీ చూశాడు. "అక్కా, గా గుడ్డ ఇటియ్యి" అన్నాడు. అత్త చాయాకు దులిపి ఇచ్చింది. ఆయన దాన్ని దీపం ముందు పట్టాడు, జేబులోంచి డాక్టరు నమూనా తీసి పక్కన పెట్టాడు. రంగు తప్ప రెండూ ఒకటే. "గిది ఎవరు నేసిండ్రు?"

అత్త నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. మామ కళ్లు తెరిచాడు.

"ఏ మగ్గం మీద?" అన్నాడు మామ.

"నీ కొడుకుది" అంది అత్త. "ఖాళీగ ఉంటే చెదలు పడుతదని కోడలు ఊకే కాళ్లు పెట్టింది."

నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను. మామ ఆ గుడ్డ తీసుకుని ఇటు తిప్పి అటు తిప్పి, "బుద్ధి ఎరిగిన కాడ్నుంచి గింత చెడ్డ నేత చూడలే" అన్నాడు. అధ్యక్షుడి ముఖం వెలిగిపోయింది. "నాకు కావాల్సింది గదే బావా" అన్నాడు. నా వైపు తిరిగి, "బిడ్డా, మనమిద్దరం కోరుట్ల నుంచి ఈ ఊరికి కాపురానికి వచ్చినోళ్లమే. నువ్వు కోడలివి, నేను అల్లుడిని. రేపు నా ఇజ్జత్ నువ్వు కాపాడాలె" అన్నాడు.

తెల్లవారి సంఘం షెడ్డులో మగ్గం గుంటలో నన్ను కూర్చోబెట్టారు. చుట్టూ ఊళ్లో పేరున్న నేతగాళ్లంతా. ఆడది మగ్గం ఎక్కడమే ఒక వింత. పైగా మామ ఎదురుగా నిలబడ్డాడు. ఇంత మంది ముందు మామ పరువు తీయకూడదని పళ్లు బిగించి, ఒక్కొక్క దెబ్బ లెక్కగా, బలమంతా పెట్టి వేశాను. కాసేపటికి అధ్యక్షుడు వంగి చూశాడు.

"మంచిగ నేస్తున్నవు బిడ్డా" అన్నాడు దిగులుగా. "గట్ల వద్దు."

షెడ్డంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఇంకా మెల్లగా వేద్దామనుకుంటే చేయి ఇంకా గట్టిగా పడుతోంది. ఒకాయన అప్పుడే కండువా దులుపుకుని బయటికి నడిచాడు. అధ్యక్షుడు మగ్గం కర్ర పట్టుకుని నిలబడ్డాడు. కుర్చీ మాట ఎవరూ ఎత్తలేదు, కానీ అందరూ దాని గురించే ఆలోచిస్తున్నారని ముఖాలు చూస్తే తెలుస్తోంది.

అప్పుడు మా మామ కదిలాడు. నన్ను చూడలేదు, గుడ్డను కూడా చూడలేదు. అత్తను పిలిచి, "గీమె పక్కన కూసోని ముచ్చట పెట్టు. మీ యారాలు ముచ్చట పెట్టు" అన్నాడు.

మా అత్తకూ ఆమె యారాలికీ, అంటే తోటికోడలికీ, ఉన్న గొడవ ఊరందరికీ తెలుసు. అత్త గుంట అంచున కూర్చుని మొదలుపెట్టింది. ఆ యారాలు పెళ్లి విందులో గారెలు కొంగున కట్టుకుని పోతుంటే కొంగు ముడి విడిపోయి పెండ్లిపీటల ముందే రాలిపోయిన కథ. నాకు తెలిసిన కథే, కానీ అత్త నోట ప్రతిసారీ కొత్తగా ఉండేది. యారాలు వంగి గారెలు ఏరుకుంటూ అవి తన ఇంటి నుంచే తెచ్చానని చెప్పిందనే చోటికి వచ్చేసరికి నేను నవ్వాపుకోలేకపోయాను. ఎదురుగా ఎవరున్నారో మరిచిపోయాను. చేతులు వాటి దారిన అవి పోతున్నాయి. మామ కళ్లు నా చేతుల మీదే ఉన్నాయి. అధ్యక్షుడు వంగి చూసి, నమూనా ముక్కను నా గుడ్డ మీద పరిచాడు. రెండూ కలిసిపోయాయి.

కానీ నేనొక్కదాన్ని ఎంత నేస్తాను? లారీకి మూటలు మూటలు కావాలి. ఆ షెడ్డులో అంతమందిని కూర్చోబెట్టి యారాలి కథ చెప్పడానికి మా అత్త గొంతు చాలదు. మామ పోయి పక్క మగ్గంలో దిగాడు. రోజూ ఏ చేత్తో దెబ్బ వేస్తాడో ఆ చేత్తో నాడెను ఉరికించే తాడు పట్టుకున్నాడు, తాడు లాగే చేత్తో దెబ్బ వేశాడు. చేతులు మార్చుకున్నాడన్నమాట. మొదట నాడె సగంలో ఆగింది. మళ్లీ వేశాడు, నాడె ఎగిరి ఒకాయన కాళ్ల మీద పడింది. ఊళ్లో మొదటి చేయి, మొదటి రోజు మగ్గం ఎక్కిన పిల్లాడిలాగా తిప్పలు పడుతున్నాడు. ఎవరికీ నవ్వడానికి ధైర్యం చాలలేదు. కాసేపటికి కుదురుకుంది. జానెడు గుడ్డ వచ్చింది. పలుచగా, ఒక్కతీరుగా, గాలాడేటట్టు.

"నా ఒక చెయ్యికి పని వచ్చు. ఇంకోదానికి ఇంకా రాదు. రానిదానితోని నెయ్యుండ్రి" అన్నాడు.

ఆ మాటతో అందరూ గుంటల్లోకి దిగారు. ఆ షెడ్డు చప్పుడు ఎప్పుడూ ఒక వరుసలో ఉండేది, వింటే నిద్రొచ్చేది. ఆ రోజుల్లో మాత్రం కల్లు తాగినవాళ్లు చెక్క మెట్లు దిగుతున్నట్టు ఉండేది. పెద్ద పెద్ద మీసాలవాళ్లు నాడెలు కిందపడేసుకుని, ఒకరినొకరు చూసుకుని చిన్నపిల్లల్లాగా నవ్వారు. నా మగ్గం నాకే ఉంచారు. ఆడవాళ్లమంతా గుడ్డను గాబుల్లో ఉడకబెట్టి, మానేరు వాగులో ఉతికి, ఇసుక మీద ఆరేశాం. దూరం నుంచి చూసినవాళ్లు వాగు నిండా నీళ్లొచ్చాయా అని అడిగారు.

లారీ వచ్చే రోజు పొద్దున్నే మూటలతో పాటు అత్తనూ నన్నూ కూడా జీపెక్కించాడు అధ్యక్షుడు. డాక్టరు ఏమైనా అడిగితే గుడ్డ సంగతి చెప్పే మనిషి కావాలన్నాడు. తనకు తెలియదని ఆయన ఒప్పుకోవడం అదే మొదలు. మామ రాలేదు. అట్లాంటి గుడ్డ పక్కన నిలబడి ఎవరికీ కనపడనన్నాడు. మల్యాల దగ్గర చాయకు ఆగితే సాసరులో పోసుకున్న చాయ అధ్యక్షుడి చేతిలోనే చల్లారింది.

ఆసుపత్రిలో డాక్టరు మళ్లీ గిన్నె తెప్పించాడు. నీళ్లు పోశాడు. ముక్క వేశాడు. రెప్ప వేసే లోపల అది తడిసి అడుక్కు పోయింది. డాక్టరు తలూపి లారీ వైపు చేయి చూపించాడు. అధ్యక్షుడు మాత్రం కదల్లేదు. "సారు, ఇంకో మూటలది కూడ ముంచుండ్రి" అన్నాడు. అదీ మునిగింది. "ఇంకోటి" అన్నాడు. మా అత్త ఆయన అంగీ పట్టుకుని లాగింది. "ఇగ చాలు. అన్నీ తడిపితే లారీల ఏం పంపుతవు?" అంది. అప్పుడు నవ్వాడు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని కండువాతో ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు.

లారీ పోయిన కొద్ది రోజులకే యుద్ధం అయిపోయిందని రేడియోలో వచ్చింది. ఊళ్లో టపాకాయలు కాల్చారు. సంఘం అరుగు మీద ఆయన్ను ఏడిపించారు కూడా. నీ గుడ్డ వస్తోందని తెలిసి యుద్ధమే ఆగిపోయింది, తొందరపడ్డావు అన్నారు. ఆయన నవ్వకుండానే చెప్పాడు. "యుద్ధం ఆగినంత మాత్రాన పుండ్లు ఆగుతయా? అవి మానేదాక కట్టాలె కద." ఆ మాట నాకు గుర్తుండిపోయింది. ఫొటో కింద ఏదైనా రాసేటట్టయితే ఆ మాట రాయండి.

ఆ తరువాత ఆయన చాలా చేశాడు. సంఘంలో నాతో మొదలుపెట్టి ఆడవాళ్లను సభ్యులుగా చేర్పించాడు. ఎమ్మెల్యేకు నిలబడి ఓడిపోయాడు, ఓడిన మర్నాడు కూడా చాయ హోటల్లో మీటింగు పెట్టాడు. ముసలితనంలో కోరుట్లకు పోయి అక్కడే కన్ను మూశాడు. మా ఆయన భీవండి నుంచి తిరిగొచ్చి నా మగ్గం పక్కన మగ్గం వేసుకున్నాడు. ఆయనా పోయాడు. నేను చేతి మగ్గం నుంచి మరమగ్గానికి మారి, మోకాళ్లు పనిచేసినన్నాళ్లు చేశాను.

మామను నేనొకసారి అడిగాను. ఆయన కుర్చీ దిగితే నీకు సంతోషం కదా మామా, మరి ఎందుకు చేతులు మార్చుకున్నావు అని. "గుడ్డ ఒకటి నా చేతికి రాలేదని ఊరంత అనుకోవద్దని" అన్నాడు. అంతే, ఇంకేమీ లేదు. దేశభక్తి అని మీరు రాసుకోవచ్చు, ఆయన ఏమీ అనడు.

కానీ పిల్లలూ, నాకు నచ్చిన అధ్యక్షుడు జగిత్యాల సభలో మైకు ముందు నిలబడ్డాయన కాదు. రేడియోలో యుద్ధం అయిపోయిందని చెప్పిన ఆ వారమే, ఒక పొద్దున ఆయన మా ఇంటికి వచ్చాడు. గొడుగు మూలన పెట్టాడు. చెప్పులు విడిచాడు. ఖద్దరు అంగీ చేతులు పైకి మడిచాడు. "బావా, తెలియని పనికి మాటిచ్చిన. ఇగ నేర్చుకుంట, నేర్పు" అన్నాడు. మామ తన మగ్గం వదిలి లేచాడు. అంత పొడుగు మనిషి మోకాళ్లు మడిచి గుంటలో ఇరుక్కున్నాడు. రోజూ పొద్దున వచ్చేవాడు. అర్జీలు పట్టుకుని వచ్చినవాళ్లు మగ్గం పక్కన కింద కూర్చునేవాళ్లు. ఆయన ఒకరి మాట వింటూ ఒక దెబ్బ, ఇంకొకరికి జవాబు చెబుతూ ఇంకో దెబ్బ వేసేవాడు. మామ చూసి చూసి ఒకరోజు నా రాట్నం పక్కన వచ్చి నిలబడ్డాడు. అధ్యక్షుడు నేసిన మూరెడు గుడ్డ ఎత్తి పట్టుకున్నాడు. అందులోంచి వాకిట్లో కూర్చున్నవాళ్లంతా కనపడుతున్నారు.

"బావా, యుద్ధం అయిపోయింది" అన్నాడు మామ. "ఇగ గట్టిగ కొట్టు."